విడుదల తరువాతి రెండు వారాలు

తెలుగువారి వంటింట్లో గసగసాల చోటు మసాలా డబ్బాలో ఉంటుంది. కోడికూర పులుసు చిక్కబడాలంటే ఎండుకొబ్బరితో పాటు రెండు చెంచాల గసాలు నూరి వేయడం ఇంటింటా ఉన్న అలవాటే. మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్ రాష్ట్రాల్లో ప్రభుత్వ లైసెన్సుతో పండించే నల్లమందు మొక్క నుంచే ఈ గింజలు వస్తాయి. పచ్చికాయకు గాటు పెడితే కారే పాలు నల్లమందు. కాయ ఎండాక రాలేవి గసగసాలు. భారతీయ చట్టం ఈ రెండింటినీ వేరుచేసి చూస్తుంది. ఐక్య అరబ్ ఎమిరేట్స్‌లో మాత్రం గసగసాలు కూడా నిషిద్ధమే.

2008లో లండన్‌కు చెందిన ఫెయిర్ ట్రయల్స్ ఇంటర్నేషనల్ సంస్థ దుబాయ్ విమానాశ్రయంలో జరిగిన అరెస్టుల గురించి ప్రయాణికులను హెచ్చరించింది. వాటిలో ఒకటి, బట్టలకు అంటుకున్న మూడు గసగసాల గింజలతో దొరికిన స్విట్జర్లాండ్ పౌరుడి కేసు. మరొకటి, చెప్పు అడుగున 0.003 గ్రాముల గంజాయి అంటుకుని ఉన్న బ్రిటిష్ పౌరుడిది. ఇద్దరికీ పడిన శిక్ష నాలుగేళ్ల జైలు అని ఆ సంస్థ తెలిపింది. రెండు చోట్లా ఒకే అంకె ఉండటం కాకతాళీయం కాదు. 1995 నాటి 14వ నంబరు ఫెడరల్ చట్టం మాదకద్రవ్యాల వాడకానికి విధించిన కనీస శిక్ష నాలుగేళ్లే. న్యాయమూర్తి జాలిపడినా అంతకంటే తగ్గించే వీలు చట్టంలో పెద్దగా లేదు.

ఇంత కఠినత్వానికి భౌగోళిక కారణం ఒకటుంది. 1979లో ఇరాన్‌లో విప్లవం, అదే ఏడాది చివర అఫ్గానిస్తాన్‌లోకి సోవియట్ సేనల ప్రవేశం జరిగాయి. ఆ తరువాతి దశాబ్దంలో అఫ్గాన్ నల్లమందు హెరాయిన్‌గా మారి మక్రాన్ తీరానికి చేరేది. ఒమాన్ సింధుశాఖకు ఆవలి ఒడ్డు మక్రాన్. ఈవలి ఒడ్డు ఎమిరేట్స్. బంగారానికీ బట్టలకూ దారి ఇచ్చిన నౌకాశ్రయాలే హెరాయిన్‌కూ దారి ఇచ్చాయి. 1986లో 6వ నంబరు చట్టం, దాని స్థానంలో 1995 చట్టం వచ్చాయి. అయితే 1995 చట్టంలోనే 43వ అధికరణ ఒకటుంది. వ్యసనపరుడు తనంతట తాను చికిత్సకు వస్తే అతనిపై క్రిమినల్ కేసు పెట్టరాదని అది చెప్పింది. వ్యసనాన్ని రోగంగా చూసే దృష్టి ఆ దేశపు చట్టంలోకి వచ్చింది ఈ చిన్న కిటికీ గుండానే. 2002లో షేక్ జాయెద్ ఆదేశంతో అబూ ధాబీలో నేషనల్ రీహాబిలిటేషన్ సెంటర్ ఏర్పడింది. 2016 సవరణ వాడకానికి కనీస శిక్షను రెండేళ్లకు తగ్గించింది. 2022 జనవరిలో అమల్లోకి వచ్చిన 2021 నాటి 30వ నంబరు డిక్రీ చట్టం, మొదటిసారి దొరికినవారికి కనీసం మూడు నెలల జైలు లేదా 20,000 నుంచి 1,00,000 దిర్హాముల జరిమానా చాలునంది.

నాలుగేళ్ల నుంచి మూడు నెలలకు దిగిన ఈ ప్రయాణాన్ని మానవీయమైన మార్పుగానే గుర్తించాలి. కానీ వైద్యుడి కంటితో చూస్తే ఇందులో మరో లెక్క కనిపిస్తుంది. శిక్ష ఎంత పొట్టిదైనా ఆ చివర విడుదల అనే రోజు ఒకటి ఉంటుంది. ఓపియాయిడ్ వ్యసనం ఉన్న మనిషి జీవితంలో అన్నిటికంటే ప్రమాదకరమైన రోజుల్లో అది ఒకటి.

కారణం శరీరధర్మంలో ఉంది. హెరాయిన్, మార్ఫిన్, ట్రమడాల్ వంటి మందులు నొప్పిని అణచే గ్రాహకాల మీదే కాక, మెదడు కాండంలో ఊపిరిని నడిపే కేంద్రం మీద కూడా పనిచేస్తాయి. రోజూ వాడేవాడి శరీరం మందుకు అలవాటుపడుతుంది. మొదట్లో మత్తెక్కించిన మోతాదు కొన్నాళ్లకు మామూలుగా నిలబడటానికే సరిపోతుంది. దీన్ని వైద్యులు టాలరెన్స్ అంటారు. జైలులో మందు ఆగగానే వారం పదిరోజులు ఒళ్లునొప్పులు, వాంతులు, నిద్రలేమి ఉంటాయి. తరువాత శరీరం కుదుటపడుతుంది. కుదుటపడటమంటే అలవాటుపడిన ఆ శక్తి పోవడమే. అది పోవడానికి నాలుగేళ్లు అక్కరలేదు, కొన్ని వారాలు చాలు. కోరిక మాత్రం అంత త్వరగా పోదు. బయటికి వచ్చినవాడు పాత స్నేహితుల మధ్య పాత మోతాదే తీసుకుంటాడు. మోతాదు పాతదే, శరీరం కొత్తది. ఊపిరి నెమ్మదించి ఆగిపోతుంది. చూసేవారికి గాఢనిద్రలో ఉన్నట్టే ఉంటుంది.

ఈ సంగతి వైద్యులకు అనుభవంలో ఎప్పటినుంచో తెలిసినా, దానికి బలమైన అంకెలు అందించిన అధ్యయనాల్లో ముఖ్యమైనది 2007లో వచ్చింది. ఇన్‌గ్రిడ్ బిన్స్‌వాంగర్, ఆమె సహచరులు అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రపు జైళ్ల నుంచి 1999 జులై, 2003 డిసెంబరు మధ్య విడుదలైన 30,237 మంది పేర్లను జాతీయ మరణాల నమోదుతో పోల్చి చూశారు. సగటున 1.9 ఏళ్లలో 443 మంది మరణించారు. సాధారణ జనంతో పోలిస్తే మరణం ముప్పు 3.5 రెట్లు. విడుదలైన మొదటి రెండు వారాల్లో 12.7 రెట్లు. ఆ రెండు వారాల్లో మాదకద్రవ్యాల మోతాదు మించి చనిపోయే ముప్పు 129 రెట్లు. (ఈ చివరి అంకెలో కొకెయిన్ మరణాలు కూడా ఉన్నాయి, దీన్ని హెరాయిన్ అంకెగా చెప్పేవారు తరచు ఆ సంగతి మరిచిపోతారు.)

ఈ మరణాలను ఆపవచ్చని తరువాతి పరిశోధన చూపింది. స్కాట్లండ్ 2011 నుంచి, విడుదలయ్యే ఖైదీల చేతికి నలాక్సోన్ ఇవ్వసాగింది. ఓపియాయిడ్‌ను గ్రాహకం మీద నుంచి తోసేసి ఊపిరిని తిరిగి నడిపించే మందు అది. 2006–10 మధ్య అక్కడి ఓపియాయిడ్ మరణాల్లో 9.8 శాతం, విడుదలైన నాలుగు వారాల్లోపు సంభవించినవి. 2011–13లో ఆ వాటా 6.3 శాతానికి తగ్గింది. ఇంగ్లండ్‌లో జాన్ మార్స్‌డెన్ బృందం 12,260 మంది ఖైదీలను పరిశీలించి 2017లో ప్రచురించిన ఫలితం ఇంకా స్పష్టంగా ఉంది. జైలులో ఉండగానే మెథడోన్ లేదా బ్యుప్రెనార్ఫిన్ మొదలుపెట్టి ఆ చికిత్సతోనే బయటికి వచ్చినవారిలో, మొదటి నెల మరణాల ముప్పు మిగతావారికంటే 75 శాతం తక్కువ.

లండన్ కింగ్స్ కాలేజీకి చెందిన ఈ మార్స్‌డెన్ పేరే అబూ ధాబీ పరిశోధనలోనూ కనిపిస్తుంది. నేషనల్ రీహాబిలిటేషన్ సెంటర్‌లో హెషామ్ ఎలరబీ నాయకత్వాన 141 మంది ఓపియాయిడ్ రోగులపై 16 వారాల యాదృచ్ఛిక పరీక్ష జరిగింది. ఫలితాలు 2021లో వచ్చాయి. అందరికీ బ్యుప్రెనార్ఫిన్–నలాక్సోన్ ఇచ్చారు. ఒక వర్గానికి మాత్రం ఒక ప్రోత్సాహకం ఉంది. రక్తపరీక్షలో మందు సక్రమంగా వాడుతున్నట్టు, మూత్రపరీక్షలో ఇతర ఓపియాయిడ్లు లేనట్టు తేలితే, ఎక్కువ రోజుల మందు ఇంటికి తీసుకుపోనిచ్చారు. ఆ వర్గంలోనే మంచి ఫలితం కనిపించింది. జరిమానాలకూ జైళ్లకూ పేరుపడిన చోట నమ్మకాన్నే బహుమతిగా ఇచ్చి సాధించిన ఫలితం కనుక దీనికి ప్రత్యేకత ఉంది. అదే కేంద్రంలో చికిత్స పొందిన 250 మంది పురుషులపై 2016లో వచ్చిన మరో అధ్యయనం, ముప్పైలోపు వయసువారిలో హెరాయిన్ కంటే ట్రమడాల్ వంటి మాత్రలే ఎక్కువని చూపింది.

మొదటి ఏళ్లలో ఆ కేంద్రంలో చికిత్స ప్రధానంగా ఎమిరాతీ పౌరులకే. దేశంలో నివసించేవారిలో పదిమందికి దాదాపు తొమ్మిదిమంది విదేశీయులు. 1995 చట్టం కింద శిక్ష పడిన విదేశీయుడికి విడుదల, దేశ బహిష్కరణ దాదాపు ఒకే మాట. 2021 చట్టం సొంత వాడకం కేసుల్లో బహిష్కరణను న్యాయస్థానం విచక్షణకు వదిలింది. వాషింగ్టన్‌లోనైనా ఇంగ్లండ్‌లోనైనా పరిశోధకులు చేసిన పని ఒక్కటే: జైలు జాబితానూ మరణాల జాబితానూ పక్కపక్కన పెట్టి పేర్లు కలపడం. బహిష్కృతుడి విషయంలో మొదటి జాబితా అబూ ధాబీలో ఉంటుంది. రెండవది జగిత్యాలలోనో, రాజంపేటలోనో, అమలాపురంలోనో ఉంటుంది. ఈ రెండింటినీ కలిపే వంతెన లేదు. ఆ రెండు వారాలు ఏ దేశపు లెక్కలోకీ రావు.

తెలుగు పాఠకుడికి ఇది దూరపు సంగతి కాదు. విదేశీ జైళ్లలో ఉన్న భారతీయుల సంఖ్య 10,000 దాటిందనీ, అందులో ఎమిరేట్స్‌లోనే 2,500కు పైగా ఉన్నారనీ విదేశాంగ శాఖ 2025లో పార్లమెంటుకు తెలిపింది. అది లోపల ఉన్నవారి లెక్క, బయటికి వచ్చినవారిది కాదు. వీరిలో అందరూ మాదకద్రవ్యాల కేసులవారు కారు. ఆ కేసులవారిలో అందరూ వ్యసనపరులూ కారు. ఎవరో ఊరివాడికి ఇమ్మని చేతికిచ్చిన పొట్లం మోసినవారున్నారు. నడుంనొప్పికి ఇంటి దగ్గర డాక్టరు రాసిన మాత్రలు చీటీ లేకుండా పెట్టెలో వేసుకున్నవారున్నారు. ఇండియాలో ట్రమడాల్ 2018 ఏప్రిల్ దాకా మాదకద్రవ్యాల చట్టం పరిధిలోకే రాలేదు. అంతవరకు అది మందుల దుకాణంలో దొరికే మామూలు నొప్పిమాత్ర. భవన నిర్మాణంలో బరువులెత్తే మనిషికి ఆ మాత్ర ఎందుకు అలవాటవుతుందో వైద్యుడికి వివరించి చెప్పనక్కరలేదు.

ఖైదీల బదిలీకి రెండు దేశాల మధ్య 2011లో ఒప్పందం కుదిరింది. అది శిక్ష మిగిలి ఉన్నవారికి. శిక్ష ముగిసినవాడు ఔట్‌పాస్ మీద వస్తాడు. 2024 ఫిబ్రవరిలో, హత్య కేసులో పద్దెనిమిదేళ్లు దుబాయ్ జైలులో గడిపిన సిరిసిల్ల ప్రాంతపు కార్మికులు హైదరాబాదులో దిగినప్పుడు కుటుంబాలు, కెమెరాలు ఎదురువచ్చాయి. మాత్రల కేసులో తిరిగి వచ్చినవాడికి అలాంటి రాక ఉండదు. అతను ఊళ్లో కాంట్రాక్టు అయిపోయిందని చెప్తాడు. అప్పు ఇచ్చినవాళ్లు వాకిట్లో ఉంటారు. వ్యసనం ఉన్న సంగతి ఇంట్లోవాళ్లకే తెలియనప్పుడు, ఊరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి తెలిసే దారి లేదు.

జైలు నుంచి చికిత్సను ఎలా కొనసాగించాలో ఇండియాకు తెలియదని కాదు. 2008లోనే ఢిల్లీ తీహార్ జైలులో, ఐక్యరాజ్యసమితి మాదకద్రవ్యాల విభాగం తోడ్పాటుతో బ్యుప్రెనార్ఫిన్ చికిత్స మొదలైంది. 2019లో ప్రచురితమైన జాతీయ సర్వే, దేశంలో ఓపియాయిడ్లు వాడేవారు జనాభాలో 2.1 శాతమని అంచనా కట్టింది. లోపం మరణాల పుస్తకంలో ఉంది. 2020లో దేశంలో నమోదైన మరణాల్లో వైద్యుడు కారణం ధ్రువీకరించినవి 22.5 శాతమే. మిగిలినవాటిలో కారణం ఇంట్లోవారు చెప్పిన మాటే. దుబాయ్ నుంచి వచ్చిన పదోరోజున ముప్పై అయిదేళ్లవాడు నిద్రలో పోతే, పల్లెలో దానికి వాడే పేరు గుండెపోటు.