ఈ-పుస్తకాలు: ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతం

నెల్లూరు జిల్లా పడమటి మెట్టలో ఉన్న ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతాల్లో ఈ-పుస్తకమంటే ప్రధానంగా సెల్‌ఫోన్‌లో తెరిచే పీడీఎఫ్. దాని ప్రభావం కొత్త పుస్తకాల ప్రచురణ మీద కంటే, దొరకని పాత పుస్తకాలు మళ్లీ చదువరుల చేతికి అందడంలోనే ఎక్కువగా కనిపిస్తుంది.

ఉదయగిరికి పుస్తకంతో అనుబంధం అచ్చుయంత్రం కంటే పాతది. 15వ శతాబ్దంలో దూబగుంట నారాయణకవి తన ‘పంచతంత్రము’ను ఇక్కడి పాలకుడు బసవరాజుకు అంకితమిచ్చాడు. నంది మల్లయ, ఘంట సింగయ జంటకవుల ‘ప్రబోధచంద్రోదయము’కు బసవరాజు మంత్రి గంగయ్య కృతిభర్త. తాటాకుల నుంచి అచ్చుకెక్కిన తర్వాత కూడా ఇలాంటి కావ్యాలు పెద్ద గ్రంథాలయాల బీరువాలు దాటి వచ్చింది తక్కువే. బటర్‌వర్త్, వేణుగోపాల్ చెట్టి కూర్చిన నెల్లూరు జిల్లా శాసనాల సంపుటాలదీ అదే కథ. 1905లో మద్రాసులో మూడు సంపుటాలుగా వెలువడిన ఈ గ్రంథంలో శాసనాలను తాలూకాల వారీగా అమర్చారు. తమ ఊరి గుళ్లో రాతి మీద ఏం రాసి ఉందో తెలుసుకోవాలనుకున్న ఆత్మకూరు వాసికి ఒకప్పుడు మద్రాసో హైదరాబాదో వెళ్లడం తప్ప వేరే దారి ఉండేది కాదు.

ఆ దారి మార్చింది స్కానింగ్. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, 1994లో ట్యూరింగ్ పురస్కారం అందుకున్న రాజ్‌రెడ్డి అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం నుంచి పది లక్షల పుస్తకాల పథకాన్ని నడిపారు. 2000 తర్వాత దాని భారతీయ శాఖగా డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా రూపుకట్టింది. బెంగళూరు ఐఐఎస్సీ, హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ వంటి సంస్థలు ఇందులో పనిచేశాయి. తర్వాత ఆ పుస్తకాలు పెద్దసంఖ్యలో ఇంటర్నెట్ ఆర్కైవ్‌కు చేరాయి. 2016లో చవక 4జీ వచ్చాక పల్లెలో ఉన్నవారికీ అవి అందాయి. కానీ చాలా తెలుగు పుస్తకాల పేర్లు రోమన్ లిపిలో, తప్పుల తడకగా నమోదయ్యాయి. పేరు తెలుగులో కొట్టి వెతికితే దొరకని పుస్తకం, ఇంగ్లిషు అక్షరాలు నాలుగు రకాలుగా మార్చి కొడితే బయటపడుతుంది. పుస్తకం స్కాన్ చేయడంతోనే పని అయిపోయిందనుకున్నారు. జాబితా రాయడమూ పనేనని ఎవరూ పట్టించుకున్నట్టు లేదు.

కొత్త పుస్తకాలకు అడ్డు వేరే చోట ఉంది. తెలుగు డీటీపీ చాలాకాలం అనూ ఫాంట్లతో, పేజ్‌మేకర్‌లో సాగింది. కంప్యూటర్లలో అక్షరాలకు ఉమ్మడి సంకేత పద్ధతి అయిన యూనికోడ్‌లో తెలుగుకు 1991 నుంచే చోటున్నా, ప్రచురణకర్తల దగ్గరున్న ఫైళ్లు ఆ పద్ధతిలోవి కావు. అందుకే అచ్చు పుస్తకం డెమీ సైజు పేజీని ఉన్నదున్నట్టు పీడీఎఫ్‌గా ఇచ్చేవారు. ఫోన్‌లో ఆ పేజీ మొత్తం కనబడితే అక్షరం చిన్నదవుతుంది. అక్షరం పెద్దది చేస్తే పంక్తి పంక్తికీ వేలితో కుడికీ ఎడమకీ జరపాలి. 2010లో మొదలైన ‘కినిగె’ ఈ పరిమితుల మధ్యే తెలుగు పుస్తకాలను అమ్మడమే కాక అద్దెకూ ఇచ్చింది. అమెజాన్ 2016 డిసెంబరులో తన ఈ-రీడర్ కిండిల్‌లో అయిదు భారతీయ భాషలను చేర్చినప్పుడు హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళాలకు చోటిచ్చి తెలుగును వదిలేసింది. తెలుగువాళ్లు ఈ-రీడర్ కొనకపోవడానికి చదివే అలవాటు లేకపోవడమే కారణమని తేల్చేసేవారు ఈ సంగతి మరచిపోతారు.

ప్రభుత్వ బడుల్లోకి తెర మీది చదువు మరో రూపంలో వచ్చింది. 2022 డిసెంబరు 21న రాష్ట్ర ప్రభుత్వం ఎనిమిదో తరగతి విద్యార్థులకూ ఉపాధ్యాయులకూ కలిపి దాదాపు 5.18 లక్షల ట్యాబ్‌ల పంపిణీ ప్రారంభించింది.

తెర మీద చదవడం పర్యావరణానికి మేలా అన్న లెక్క అంత సులువుగా తేలదు. ఈ-రీడర్‌లోని ఈ-ఇంక్ తెర పేజీ తిప్పినప్పుడే కరెంటు వాడుకుంటుంది, కాబట్టి చదవడానికయ్యే ఖర్చు స్వల్పం. భారమంతా పరికరం తయారీలోనే ఉంటుంది. ఏడాదికి రెండు పుస్తకాలు చదివేవారు దానికోసమే ఈ-రీడర్ కొంటే భూమికి ఒరిగేదేమీ ఉండదు. ఎలాగూ జేబులో ఉన్న ఫోన్‌లో చదివితే అదనపు భారం చాలా తక్కువ. ఇక కాగితం సంగతి: నెల్లూరు, ప్రకాశం జిల్లాల మెట్టపొలాల్లో పెంచే సుబాబుల్, జామాయిల్ కర్ర కాగితపు మిల్లుల ముడిసరుకు. నీళ్లు లేని చేలలో రైతు వేసే తోట అది. కొట్టిన మొదలు నుంచి మళ్లీ చిగురిస్తుంది. అందువల్ల ‘కాగితం మానితే అడవి మిగులుతుంది’ అన్న మాట ఇక్కడ సగమే నిజం. మిగతా సగంలో రైతు రాబడి ఉంది. పాడైన ట్యాబ్, ఉబ్బిన బ్యాటరీ మాత్రం తిరిగి చిగురించేవి కావు. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నిబంధనలు వాటి రీసైక్లింగ్ బాధ్యతను తయారీదారుల మీద పెట్టాయి.