తెఱచుకొనని తలుపు: సంకేతపదముల చరిత్ర



ఈ కాలమున మన పల్లెలలో దఱచుగా వినవచ్చు మాట యొకటి కలదు: "లాగిన్ కావడము లేదు" అని. పింఛనుదారు, పట్టాదారు పుస్తకము చూచుకొనబోయిన రైతు, మనుమని చదువునకు రుసుము గట్టబోయిన తాత, అందఱును నీ మాటనే చెప్పుచున్నారు. యంత్రము తలుపు తీయదు; ఏల తీయదో చెప్పదు; చెప్పినను ఆంగ్లమున జెప్పును. ఆ తలుపును ఎవరు, ఎప్పుడు, ఎందుకు బెట్టిరో యెఱిగినచో, అది మూసికొనిపోయినప్పుడు ఎచ్చట దట్టవలెనో కొంత తెలియునని నా యభిప్రాయము. కావున మనవారు పాస్‌వర్డు అను సంకేతపదముయొక్క చరిత్రను నేడు మీకు విన్నవింపదలచితిని.

సంకేతపదము క్రొత్తది కాదు. క్రీస్తునకు బూర్వము రెండవ శతాబ్దమున జీవించిన పొలీబియస్ అను గ్రీకు చరిత్రకారుడు రోమను సేనల శిబిరములను వర్ణించుచు దీనిని వివరముగా వ్రాసెను. ప్రతిదినము సూర్యుడస్తమించువేళ, శిబిరపు జివరనున్న దళములనుండి యెన్నుకొనబడిన భటుడు ట్రిబ్యూను అను నధికారి గుడారమునకు బోయి, ఆ రాత్రికి సంకేతపదము వ్రాసిన చెక్కపలకను దెచ్చుకొనును. తన దళమునకు దానిని దెలిపి, సాక్షుల యెదుట ప్రక్కదళపు నాయకునకు అందించును. ఆతడు తరువాతివానికి. ఇట్లు చేతులు మాఱుచు ఆ పలక చీకటి పడకమున్నే మరల ట్రిబ్యూను నొద్దకు జేరవలెను. అన్ని పలకలును వచ్చినచో మాట యందఱకును ముట్టినదన్నమాట. ఒకటి రాకున్న, వచ్చిన పలకలమీది గుర్తులనుబట్టి యే దిక్కున నిలిచిపోయినదో కనిపెట్టి విచారణ చేయుదురు. మాట అందనియెడల అది యెచ్చట నాగినదో కనుగొను నేర్పాటు మాటతోడనే పుట్టినదని మీరు గమనింపుడు. మన కాలపు యంత్రములను గట్టినవారికి ఈ బుద్ధి యంత తొందరగా గలుగలేదు.

కంప్యూటరులోనికి సంకేతపదము వచ్చినది అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయమునందని సామాన్యముగా జెప్పుదురు. 1961 నవంబరులో ఫెర్నాండో కోర్బాటో (1926–2019) అను పండితుడు సహచరులతో గూడి అచ్చట నొక క్రొత్త యేర్పాటును జూపెను. అంతకుముందు ఒకరి పని ముగిసినగాని యంత్రము మఱియొకరి పనిని ముట్టెడిది కాదు. కోర్బాటో ఏర్పాటులో క్షణకాలము వీరికి, క్షణకాలము వారికి బని చేయుచు, ఒకే యంత్రము అనేకులకు ఏకకాలమున సేవచేయ మొదలిడెను. మన యూళ్లలో ఒకే కాలువనీటిని వంతులవారీగా మళ్లించుకొందుము గదా, అట్లే యనుకొనుడు. వంతులు వచ్చినవనగా లెక్క కావలెను; ఎవరి కాగితములు వారికే కనబడవలెను. దానికై యొక్కొకరికి నొక్కొక రహస్యపు మాటను నియమించిరి. దొంగలభయముకంటె వంతుల లెక్కయే యిచ్చట ముఖ్యమని నాకు దోచుచున్నది.

లెక్క యున్నచోట లెక్కను దాటువాడును ఉండును. అలన్ షెర్ అను పరిశోధకవిద్యార్థికి వారమునకు నాలుగుగంటల వంతు ఇచ్చిరి. అది యాతని పనికి జాలలేదు. 1962 వసంతమున నొక శుక్రవారము రాత్రి, సంకేతపదముల పట్టికను అచ్చు వేయుమని కోరు రంధ్రములకార్డు నొకదానిని ఆతడు యంత్రమునకు ఒప్పగించెను. శనివారము ఉదయమునకు అందఱి రహస్యపదములును కాగితముపై సిద్ధముగా నుండెను! చాలయేండ్ల పిమ్మట ఆయనయే యీ సంగతిని వెల్లడించెను. ఆ దశకముననే ఇంకొక వింత జరిగినది. దినదినము అందఱకును జూపవలసిన ప్రకటనయు, సంకేతపదముల పట్టికయు ఒండొంటితో దాఱుమాఱై, యంత్రము ముందు గూర్చున్న ప్రతివానికిని అందఱి సంకేతపదములును ప్రకటనగా గనబడెను. దండోరా వేయువానిచేతికి ఇనుపపెట్టె తాళములను ఇచ్చినట్లయినది.

తాళపుచెవులన్నింటిని ఒకే పెట్టెలో దాచుట అపాయమని దీనివలన దెలిసినది. ఉపాయమును ఇంగ్లండునందలి కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున రోజర్ నీధామ్ ప్రభృతులు 1960వ దశకమునందే కనిపెట్టిరి. మన యిండ్లలోని తిరుగలితో దీనిని జెప్పవచ్చును. బియ్యమును విసరిన పిండి యగును. పిండినుండి బియ్యమును దీయజాలము. యంత్రము మీ మాటను దాచుకొనదు. దానిని విసరి, పిండిని మాత్రము దాచుకొనును. మరల మీరు వచ్చి మాట చెప్పినప్పుడు దానిని గూడ విసరి, పిండిని పిండితో బోల్చును. దొంగ గాదెలో బ్రవేశించినను వానికి దొరకునది పిండియే. ఇద్దఱు ఒకేమాటను బెట్టుకొన్నను పిండి వేఱుగా నుండుటకై, తరువాతివారు విసరుటకుముందు ఒక్కొకరి మాటలో నొక్కొక విధమైన అక్షరములను గలుపు పద్ధతిని దెచ్చిరి. దానికి ఆంగ్లమున 'ఉప్పు' అను పేరే పెట్టిరి. మన వంటయింటి మాటయే.

ఈ తిరుగలి కథను ఇంతసేపు చెప్పుటకు గారణము గలదు. "అయ్యా, నేను మఱచిన మాట యేదో చెప్పుడు" అని మనవారు బ్యాంకు గుమాస్తాను, సేవాకేంద్రపు పిల్లవానిని బ్రతిమాలుచుందురు. చెప్పలేమని వారనగా గర్వమనుకొందురు. అది గర్వము కాదు. సక్రమముగా గట్టిన యంత్రములో ఆ మాట యెచ్చటను లేదు. పిండి మాత్రమే యున్నది. చేయదగినదెల్ల "మఱచిపోతిని" అను మార్గమున బోయి క్రొత్తమాటను బెట్టుకొనుటయే.

ఇక జనులు ఎట్టి మాటలను ఎన్నుకొందురు? అమెరికాలోని బెల్ ప్రయోగశాలలకు జెందిన రాబర్ట్ మోరిస్, కెన్ థాంప్సన్ అనువారు 1979లో నొక వ్యాసమును బ్రకటించిరి. వారు పరీక్షించిన సంకేతపదములు 3,289. అందు 15 ఒకే యక్షరముతోను, 72 రెండక్షరములతోను, 464 మూడక్షరములతోను ఉండెను. నిఘంటువులలో దొరకునవి, సులభముగా నూహింపదగినవి కలిపి మొత్తము 2,831. అనగా నూటికి 86. కంప్యూటరు పండితుల నడుమనే యిట్లుండగా, పేరును జన్మసంవత్సరమును గలిపి పెట్టుకొన్న మన పెద్దలను వేళాకోళము చేయుట తగునా? 2003లో అమెరికా ప్రభుత్వ ప్రమాణసంస్థయందలి బిల్ బర్ అను నుద్యోగి, అంకెలు చిహ్నములు కలుపుడు, తఱచుగా మార్చుడు అను నియమములు వ్రాసెను. లోకమంతయు వానిని బట్టుకొనెను. 2017లో ఆ సంస్థయే వానిని సడలించి, పొడవైన మాట మేలు, ఊరక మార్పించుట వ్యర్థము అని తేల్చెను. తన సలహాలో బెక్కుభాగమునకు విచారపడుచున్నానని బర్ గూడ అదే సంవత్సరమున బత్రికలవారితో నొప్పుకొనెను. అయినను బహు కార్యాలయములు పాత నియమములనే నేటికిని విడువలేదు.

మాట సరియైనదే యైనను తలుపు తెఱచుకొనకుండుటకు గారణములు కొన్ని మన భాషకు సంబంధించినవి. తెలుగు లిపిలో పెద్దక్షరము, చిన్నక్షరము అను భేదము లేదు. 'అ' యన్న 'అ' యే. ఆంగ్లమునందు రెండును యంత్రమునకు వేఱువేఱు. కీబోర్డుమీద పెద్దక్షరముల మీట నొకదానిని దెలియక నొక్కినచో మాట యంతయు మాఱిపోవును. తెరమీద చుక్కలు దప్ప మఱేమియు గనబడవు. సున్నయు, ఆంగ్లపు 'ఓ' అక్షరమును కవలలవలె నుండును. మాట చివర గంటికి గనబడని ఖాళీ యొకటి చేరినను యంత్రము కాదనును. కావున మొదట కంటిబొమ్మను నొక్కి, వ్రాసినదానిని జూచుకొనుట మేలు. రెండు మూడు మాఱులు తప్పినపిమ్మట ఊరక నొక్కుచుండరాదు. కొన్ని తప్పులకు మించిన యంత్రము దొంగయని తలచి గడియ పెట్టికొనును. అది కొంతసేపటికో మఱునాటికో గాని విడువదు. ఇరుగుపొరుగువారికి గూడ తలుపు తీయకున్న, దోషము మీ మాటలో లేదు, ఆవలి యంత్రములోనో తంతిలోనో యున్నది. అప్పుడు వేచియుండుటయే మందు.

ఒకమాటు మాత్రమే చెల్లు మాట, మనవారు ఓటీపీ యనునది, తరువాత వచ్చినది. దూరమునుండి గుఱుతుపట్టుటకు ప్రతిసారియు మాఱు మాటను వాడు పద్ధతిని 1981లో లెస్లీ లాంపోర్ట్ అను శాస్త్రజ్ఞుడు ప్రకటించెను. మనదేశమున రిజర్వుబ్యాంకు 2009 ఆగస్టునుండి, కార్డుతో ఇంటర్నెట్టులో చెల్లించువారికి కార్డుమీద గనబడని మఱియొక యాధారము గూడ ఉండవలెనని నిర్బంధించెను. ఆ మాట ఫోనునకు వచ్చుట ఆచారమైనది. దానితో ఫోను సంఖ్యయే తాళపుచెవి యైనది! నా మిత్రుడగు నొక విశ్రాంత యుపాధ్యాయుడు కుమారుడిచ్చిన క్రొత్త ఫోనుతో క్రొత్త సంఖ్యను దీసికొని పాతదానిని వదలివేసెను. తరువాత ఆఱునెలలు తన ఖాతా తలుపు తీయలేక తిరిగెను. వదలిన సంఖ్య కొంతకాలమునకు మఱియొకరికి బోవునని, తన మాటలు ఆ యపరిచితునకు జేరునని ఆయనకు నెవ్వరును జెప్పలేదు. బ్యాంకునందును, ఆధారు కేంద్రమునందును క్రొత్త సంఖ్యను వ్రాయించిన పిమ్మటనే పాతదానిని విడువవలెను. ఆ మాటను ఫోనులో అడుగువాడు అధికారి కాడు. చెప్పి మోసపోయినచో వెంటనే 1930 సంఖ్యకు ఫోనుచేసిన, సొమ్ము చేతులు మాఱకమున్నే యాపుటకు అవకాశముండును.

వ్రేలిముద్ర మాట వేఱు. అది మన దేశపు గథ. 1858లో వంగదేశమున జంగీపురమందు విలియం హెర్షెల్ అను దొర, రోడ్డుకంకర తెచ్చు గుత్తదారునిచే ఒప్పందపత్రము వెనుక అఱచేతిముద్ర వేయించెను. పిదప 1877లో హుగ్లీ జిల్లాలో పింఛనుదారులచే వ్రేలిముద్రలు వేయింప మొదలిడెను. చనిపోయినవారి పేర వేఱొకరు సొమ్ము దీయకుండుటకే. 1897లో కలకత్తాలో వ్రేలిముద్రల కార్యాలయము ఏర్పడెను. ముద్రలను దరగతులుగా విభజించు లెక్కలలో అజీజుల్ హక్, హేమచంద్ర బోసు అను నిరువురు భారతీయుల శ్రమ గలదు. ఆ పద్ధతికి మాత్రము దొరయగు ఎడ్వర్డ్ హెన్రీ పేరు నిలిచినది. నూటపదుమూడేండ్లకు, 2010 సెప్టెంబరు 29న, మహారాష్ట్రమున నందుర్బారు జిల్లా తెంభ్లీ గ్రామమందు మొదటి ఆధారు సంఖ్య నిచ్చిరి. పది వ్రేళ్లు, రెండు కనుపాపలు, ముఖము అందు నమోదగును.

పూర్వము మన దస్తావేజులలో నిశాని వేసినవాని ప్రక్కన సాక్షుల వ్రాళ్లుండెడివి. ముద్ర మసకయైనను "ఇతడు ఫలానావాని కుమారుడు" అని చెప్పుటకు నిద్దఱు మనుష్యులు ఉండెడివారు. యంత్రమునకు సాక్షులు లేరు. నాట్లు వేసి, కోతలు కోసి, సున్నమును సిమెంటును బిసికిన చేతులకు గీతలు అఱిగిపోవును; వయసు మీరిన చర్మము ముడుతలు పడును. చౌకదుకాణమున యంత్రము "సరిపోలలేదు" అనును. బియ్యము కొఱకు వచ్చిన ముసలమ్మ తన వ్రేలిని తానే యనుమానముతో జూచుకొనును. నాకు మిక్కిలి బాధ కలిగించునది ఆ చూపే. ఇది అరుదైన సంగతియు గాదు. 2018లో సుప్రీంకోర్టు యెదుట ఆధారు సంస్థ ఇచ్చిన వివరముల ప్రకారము ప్రభుత్వసేవలలో గుఱుతింపు నూటికి 88 మాఱులు మాత్రమే సఫలమగుచుండెను.

చేయదగిన పనులు లేకపోలేదు. చేతిని గడిగి తుడుచుకొని, కొంచెము నూనె రాచికొని, తుడిచి, మఱియొక వ్రేలిని బెట్టిచూడవచ్చును. బొటనవ్రేలే కావలెనను నియమము లేదు. నమోదు జరిగి చాలయేండ్లయినచో ఆధారు కేంద్రమున ముద్రలను మరల వేయించుకొనవచ్చును. కనుపాపతో జూచు యంత్రములు కొన్ని చోట్ల గలవు. శుక్లములు ముదిరినవారికి అది యొక్కొకప్పుడు పనిచేయదు. పింఛనుదారులు జీవించియున్నట్లు ఋజువిచ్చుటకు 2014 నవంబరు 10న 'జీవన్ ప్రమాణ్' ఆరంభమైనది. 2021 నవంబరునుండి అందు ముఖమును జూచి గుఱుతించు మార్గము గూడ తెఱచిరి. వ్రేళ్లు పనిచేయనివారు ఇంటనే, మనుమని ఫోనుతో, దానిని ముగించుకొనవచ్చును. ఈ యన్నియు తప్పినను దారి మూయబడలేదు. ముద్ర కుదరలేదను కారణముచే నర్హునకు రేషను మొదలగునవి నిరాకరింపరాదనియు, వేఱు ఆధారమును జూచి యిచ్చి, ఆ సంగతిని బుస్తకమున వ్రాసికొనవలెననియు 2017లో ఉత్తరువులు వెడలినవి. దుకాణమున ఆ పుస్తకమెక్కడ నున్నదని, ఆ ముసలమ్మ వెంట వెళ్లి, చదువు వచ్చిన మీరు అడుగవచ్చును.