సైక్లోన్ అన్న మాట, ఉప్పెన అన్న మాట

సైక్లోన్ అన్న ఇంగ్లీషు మాట కలకత్తాలో పుట్టిందని చెబితే ఇక్కడి అమెరికన్ మిత్రులు ఓ పట్టాన నమ్మరు. ఇక్కడే పుట్టి పెరిగిన మన పిల్లలూ నమ్మరు. వాళ్ళకు సైక్లోన్ అంటే కాన్సాస్ మైదానంలో ఆకాశం నుంచి తొండంలా దిగి డొరొతీ ఇంటిని ఎగరేసుకుపోయిన సుడిగాలి. లేదంటే అయోవా స్టేట్ యూనివర్సిటీ ఫుట్‌బాల్ జట్టు, కోనీ ఐలండ్‌లో 1927 నాటి రోలర్ కోస్టరు. దివిసీమ తాతగారు "సైక్లోన్‌లో మా వాళ్ళంతా పోయారు" అని చెబుతుంటే మనవడి కళ్ళ ముందు మెదిలేది ఆ తొండమే.

ఒకే మాట చెప్పేవాడికి ఒకటిగా, వినేవాడికి ఇంకొకటిగా ఉండటం మా వృత్తిలో రోజూ చూసేదే. మన పెద్దవాళ్ళు గుండె మీద చెయ్యి పెట్టుకుని "గ్యాస్ పట్టేసింది" అంటారు. ఇక్కడి నర్సు అది పొట్టకు సంబంధించిన బాధ అని రాసుకుంటుంది. ఆ తేడా ఎవరూ కనిపెట్టకపోతే ప్రాణం మీదకు వస్తుంది. సైక్లోన్ చరిత్ర కూడా ఇలాంటిదేనని మాకు అనిపిస్తుంది.

హెన్రీ పిడింగ్టన్ (1797–1858) సముద్రం మీద ఓడలు నడిపి, తరువాత కలకత్తాలో స్థిరపడిన ఇంగ్లీషువాడు. ఓడ ప్రమాదాలను విచారించే మెరైన్ కోర్టుకు అధ్యక్షుడు. ఒకే తుఫానులో చిక్కుకున్న పలు ఓడల లాగ్ పుస్తకాలు తెప్పించుకుని, ఏ గంటకు ఏ ఓడకు గాలి ఏ దిక్కు నుంచి వీచిందో పటం మీద గుర్తులు పెట్టేవాడు. మేము కేస్ షీట్లు పక్కపక్కన పెట్టుకుని రోగం ఆనవాలు పట్టినట్టే ఉంటుంది ఆ పద్ధతి. తుఫాను గాలి తిరుగుడు గాలి అని అప్పటికే అమెరికాలో రెడ్‌ఫీల్డ్ చెప్పి ఉన్నాడు. 1821 తుఫాను తరువాత ఆయన నడిచి వెళ్తూ, కనెక్టికట్‌లో ఒక వైపుకు పడిన చెట్లు మరికొంత దూరం పోయేసరికి అందుకు ఎదురు వైపుకు పడి ఉండటం గమనించాడు. పిడింగ్టన్ ఆ సూత్రాన్ని బంగాళాఖాతానికి అన్వయించి, 1839 జూన్ తుఫానుతో మొదలుపెట్టి, బెంగాల్ ఏషియాటిక్ సొసైటీ పత్రికలో వరసగా వ్యాసాలు రాశాడు.

1848లో నావికుల కోసం ఆయన వేసిన పుస్తకంలో సైక్లోన్ అన్న మాట వచ్చింది. గ్రీకులో దాని మూలానికి చక్రమన్న అర్థంతోపాటు పాము చుట్ట అన్న అర్థం కూడా ఉంది. గాలి కచ్చితమైన వలయంగా తిరుగుతుందని ఒట్టు పెట్టలేం కాబట్టి పాము చుట్ట సరిపోతుందని ఆయన ఉద్దేశం. పుస్తకంతోపాటు పారదర్శకమైన కొమ్ము రేకులు ఇచ్చారు. కెప్టెను ఆ రేకును పటం మీద పెట్టి, గాలి వచ్చే దిక్కును బట్టి తుఫాను నడిబొడ్డు ఎటుందో తెలుసుకుని ఓడను తప్పించుకోవాలి. అంటే ఇది నడిసముద్రంలో ఉన్నవాడి మాట. అతనికి గాలి దిక్కే ప్రాణం.

ఒడ్డున ఉన్నవాడి సంగతి వేరు. కాకినాడ దగ్గరి కోరంగిని తీసుకోండి. బర్మా వెళ్ళిన తెలుగువాళ్ళను అక్కడ కోరంగీలు అనడానికి కారణమైన రేవు అదే. 1789 డిసెంబరులో మూడు పెద్ద అలలు ఒకదాని వెంట ఒకటి వచ్చి ఆ ఊరిని తుడిచిపెట్టాయి. 1839 నవంబరులో మళ్ళీ అదే జరిగింది. ఆ రెండోసారి మూడు లక్షల మంది పోయారని చాలాచోట్ల రాస్తారు గాని, ఆ రేవుకు అంత జనం ఎక్కడిదని మా సందేహం. 1864 నవంబరు 1న బందరులో సుమారు 30,000 మంది పోయారు. 1977 నవంబరు 19న దివిసీమలో సర్కారు లెక్క ప్రకారమే దాదాపు 10,000 మంది. ఈ చావుల్లో చాలా భాగం గాలివల్ల కాదు, నీటివల్ల.

సముద్రం మీద పీడనం పడిపోవడంవల్ల లేచే నీరు మీటరు లోపే. మిగతాదంతా లోతు తక్కువైన తీరం మీదకు గాలి తోసుకొచ్చిన నీరు. మనవాళ్ళు దానికి ఎప్పుడో ఉప్పెన అని విడిగా పేరు పెట్టుకున్నారు. గాలివాన వేరు, ఉప్పెన వేరు. ఇంగ్లీషు పత్రికలు దాన్ని చాలాకాలం ఆటుపోట్ల అల అని రాశాయి. ఆటుపోట్లు దానికి తోడైతే కావచ్చు గాని, అసలు కారణం అవి కావు. పాలగుమ్మి పద్మరాజు గారి "గాలివాన" 1952లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ వారి ప్రపంచ కథల పోటీలో రెండవ బహుమతి పొందినప్పుడు, ఇంగ్లీషులో దాని పేరు సైక్లోన్. అక్కడ ఆ పేరు సరిపోయింది, కథలో ఉన్నది గాలీ వానే కనుక. దివిసీమకు ఆ పేరు చాలదు.

అయితే మాట పుట్టించిన పెద్దమనిషికి నీటి సంగతి బాగా తెలుసు. కలకత్తా దిగువన మాతలా నది మీద కొత్త రేవు కట్టాలని సర్కారు తలపెట్టినప్పుడు, 1853లో ఆయన గవర్నర్ జనరల్ డల్హౌసీకి బహిరంగ లేఖ రాశాడు. ఏదో ఒక రోజు తుఫాను నీరు ఆ ఊరిని ముంచుతుందని హెచ్చరించాడు. ఎవరూ చెవిన పెట్టలేదు. పోర్ట్ కానింగ్ కట్టారు. 1867లో అన్నంత పనీ అయింది. అది చూడటానికి ఆయన బతికి లేడు.

ఇక్కడ గాలిని బట్టే ప్రమాదాన్ని కొలిచే అలవాటు మొన్నమొన్నటి దాకా పోలేదు. 2005లో కత్రీనా తీరం దాటేటప్పుడు గాలి లెక్కన మూడో తరగతి హరికేనే. మిసిసిపీ తీరంలో మాత్రం ఉప్పెన 27 అడుగులు దాటింది. 1963 నుంచి 2012 వరకు అమెరికాలో ఇలాంటి తుఫానులు నేరుగా పొట్టన పెట్టుకున్న వాళ్ళలో నూటికి తొంభైమంది నీటివల్లే పోయారు, అందులో సగం ఉప్పెనలో. 2013లో ఫిలిప్పీన్స్‌లోని తక్లోబాన్‌లో మరీ అన్యాయం జరిగింది. రేడియోలో స్టార్మ్ సర్జ్ అని ముందుగానే హెచ్చరించారు. ఆ మాట జనానికి అర్థం కాలేదు. సునామీ అని ఉంటే పారిపోయేవాళ్ళమని బతికినవాళ్ళు చెప్పారు. ఆ దేశంలో పోయినవాళ్ళు ఆరు వేలకు పైనే.

మన పిల్లలకు ఉప్పెన అంటే 2021లో వచ్చిన సినిమా. తప్పులేదు, మాట చెవిన పడింది. అమెరికా హరికేన్ కేంద్రం వారు 2017 నుంచి ఉప్పెనకు విడిగా హెచ్చరిక ఇస్తున్నారు. ఏ వీధిలో నేల మీద ఎన్ని అడుగుల నీరు రావచ్చో రంగుల పటం వేసి చూపుతారు. హ్యూస్టన్, టాంపా ప్రాంతాల్లో ఉన్న మనవాళ్ళ ఇళ్ళకు కృష్ణా, గోదావరి జిల్లాల నుంచి పెద్దవాళ్ళు వచ్చి ఉంటే, ఆ పటం వాళ్ళ ముందు పెట్టి "ఇది ఉప్పెన పటం" అని చెప్పండి. కారులో ముందు వాళ్ళే కూర్చుంటారు.