కూలిపొద్దు, బడిపొద్దు

ఆంధ్రదేశమున వేసవి తాపమునకు పేరెన్నికగన్న యూళ్లలో పల్నాటి రెంటచింతల మొదటి వరుసలోనిది. ఇచ్చటి కూలిపనికి వేళలు నిర్ణయించునది ఆ యెండయే. తూరుపు తెల్లవారకమునుపే మిరపచేనికి బయలుదేరిన స్త్రీ, పొద్దు నడినెత్తికెక్కులోపలనే కోత ముగింపజూచును. అంతవరకు ఆమె చంకబిడ్డ ఎవరి పాలబడవలెనన్నది ఈ సీమలో చాల పాత చిక్కు.

పూర్వము ఆ భారము అవ్వలది. పురుడు పోసిన మంత్రసానియు ఆ యింటి గడప మరువక, బిడ్డకు నలుగు పెట్టి, బాలింతకు పత్యము చెప్పి పోవుచుండెడిది. అవ్వ లేని పేదరాలు చేనిగట్టున వేపకొమ్మకు పాతచీరతో ఉయ్యెల కట్టి, ఏడెనిమిదేండ్ల పెద్దకూతురిని కావలి యుంచెడిది. ఆ పిల్ల చదువు అంతటితో సరి.

1937లో మదరాసున ఆంధ్ర మహిళాసభను నెలకొల్పిన దుర్గాబాయి, 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి తొలి అధ్యక్షురాలు కాగా, మరుసటి యేటినుండి ఆ మండలి విస్తరణ పథకముల మూలమున దేశమందలి పల్లెలకు బాలవాడీలును, ప్రసూతి సేవయు చేరనారంభించెను. 1967లో నాగార్జునసాగరు కుడికాలువకు నీరు వదలిరి. పైరులు పెరిగి, పల్నాట ఆడకూలికి గిరాకి హెచ్చి, అవ్వలు సైతము చేలకు నడచిరి. 1975 అక్టోబరు 2న 33 ప్రాజెక్టులతో దేశమున మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి సేవలు, అంగన్‌వాడీ రూపమున, క్రమముగ ఊరూర వ్యాపించెను.

కేంద్రము తెరచినంతమాత్రమున బిడ్డలు రారు. చిన్నబిడ్డను లంగోటీ వంటి గుడ్డసంచిలో కూర్చుండబెట్టి త్రాసుకొక్కెమునకు తగిలింపబోవగా, "నలుగురిలో తూచకమ్మా, దిష్టి తగులుద్ది" అని అవ్వ అడ్డుపడును. అంగన్‌వాడీ టీచరు వాదింపదు; మాపటివేళ ఆ యింటికే పోయి, తలుపు దగ్గరగా వేసి తూచి, పటముమీద చుక్క పెట్టి, అది పచ్చరంగులో నున్నదో పసుపులోనికి జారినదో తల్లికి చూపును. నాకు తోచినంతలో పథకమును కుటుంబముతో ముడివేసినది ఈ గడపగడప తిరుగుడే గాని గోడమీది ప్రకటన గాదు.

అయినను వేళల పొత్తు కుదరలేదు. కేంద్రము తెరచుసరికి కూలి సగము నడచియుండును. 50 మందికి మించి స్త్రీలు పనిచేయు కర్మాగారమున శిశుగృహ ముండవలెనని 1948 చట్టము విధించెను. 1951లో తేయాకు తోటలకును అట్టి విధి యేర్పడెను. మిరపచేనికి మాత్రము అట్టి నిబంధన లేదు. 2005 నాటి ఉపాధి హామీ చట్టము, పనిచోట ఆరేండ్లలోపు పిల్లలు ఐదుగురున్నచో వారిని చూచుటకు ఒక కూలిస్త్రీనే నియమింపుమనెను గాని, రైతు చేనిలో మిరప కోత దాని పరిధిలోనికి రాలేదు.

ఇంక కోతకాలమున ఆదోని, కోసిగి వైపులనుండి పిల్లాపాపలతో వలసవచ్చి, పల్నాటి చేలగట్ల గుడిసెలు వేసికొను కుటుంబముల మాట. ఆరేండ్లలోపు పిల్లలు కనీసము 40 మంది యుండి కేంద్రము లేని నివాసమువారు కోరినచో, మూడు నెలలలో అంగన్‌వాడీ నీయవలెనని 2006 డిసెంబరు 13న సుప్రీంకోర్టు ఆదేశించెను. ఆ గుడిసెలవారు వచ్చిననాడే కోరిరనుకొందము. మూడు నెలలు నిండుసరికి మిరప కోత ముగిసి, వారు మూటాముల్లె సర్దుకొని యుందురు.