దేవి డాక్టరు నుంచి ఆశాతాయి దాకా

నిజాం ఇలాకా పల్లెల నుంచి మన పద్మశాలీలు షోలాపూర్‌కి వచ్చి తరాలు గడిచాయి. 1877లో మిల్లు పెట్టాక ఆ రాక ఇంకా పెరిగింది. మగ్గాల సంగతి, చద్దర్ల సంగతి అందరం చెప్పుకుంటాం. కుంఠా నాకా వైపు మన ఇండ్లలో చంటిపిల్లలకు టీకా ఎప్పుడు వేయించాలో తల్లులకు ఎవరు చెప్పేవాళ్లన్నది మాత్రం అంతగా చెప్పుకోం.

షోలాపూర్ అప్పుడు బొంబాయి ప్రెసిడెన్సీలో ఉండేది. ప్రెసిడెన్సీ జిల్లాలకు టీకా చట్టం 1892లోనే వచ్చింది. చట్టం చదివి బిడ్డను ఎత్తుకొచ్చిన తల్లి ఎక్కడైనా ఉంటుందా? మరాఠీలో మశూచిని 'దేవి' అంటారు, టీకాలు వేసేవాడు 'దేవి డాక్టరు'. మనకు అది 'అమ్మవారు'. మాట తేలిగ్గానే కలిసింది గానీ, అమ్మవారు పోస్తే వేపాకు కట్టి మొక్కుకునే ఇంట్లో జంకు పోవాలంటే ఇంటి పెద్దావిడ నోటి మాటే కావాలి. ఆ తరం వాళ్ల జబ్బల మీద మచ్చలు ఇప్పటికీ కనిపిస్తాయి. 1975 మే తర్వాత దేశంలో మశూచి లేదు.

1995 డిసెంబరులో పల్స్ పోలియో మొదలైంది. ఆదివారం బూత్, తర్వాత ఇంటింటికీ తిరగడం, చిటికెన వేలికి సిరా, తలుపు మీద సుద్దముక్క గుర్తు. దానికి చదువు అక్కర్లేదు. రెండు చుక్కలు, నొప్పి లేదు.

సూది సంగతి వేరే. మన ఆడవాళ్లలో చాలామంది బీడీలు చుడతారు, ఎన్ని చుడితే అంత కూలీ. ఆరో వారం, పదో వారం, పద్నాలుగో వారం పెంటా వేయిస్తే రాత్రికి బిడ్డ ఒళ్లు కాలుతుంది, ఏడుస్తుంది. మర్నాడు చేట ముందు కూర్చునేదెట్లా? ఆ తల్లికి కావాల్సింది తేదీ ఒక్కటే కాదు, ఆ రాత్రి ఏమవుతుందో కూడా. గోడ మీది మరాఠీ పోస్టరు అది చెప్పదు. కార్ఖానాలో బీడీలు అప్పజెప్పి ఆకు, తంబాకు తెచ్చుకునేటప్పుడు పక్కనున్న ఆమె చెప్తుంది: "ఒకట్రెండు రోజులే వదినా, మావాడికీ వచ్చింది, తగ్గింది." ఇప్పుడు అదే మాట ఆశాతాయి చెప్తోంది, జ్వరానికి ఏ మందు ఎంత వేయాలో కూడా. మా లెక్కలో వాట్సాప్ కంటే ఆమే నమ్మకం. 2017లో తమిళనాడులో తట్టు-రుబెల్లా సూది మీద పుకార్లు పుట్టింది ఆ వాట్సాప్‌లోనే కదా.

తెలంగాణ నుంచి కొత్తగా వచ్చిన కోడలు మీ ఇంట్లో ఉంటే టీకా కార్డు ఆమెతో కలిసి చదవండి. అందులో 'గోవర్' అని ఉన్నది మన తట్టే. మొదటి సూది తొమ్మిది నెలలు నిండాక, రెండోది పదహారు-ఇరవైనాలుగు నెలల మధ్య. ఎక్కువమంది మరిచేది ఆ రెండోదే.