కృష్ణాతీరమున ఆహారవ్రతము

హితమైన దానిని మితముగా భుజింపవలెనని తెలియనివారు లోకమున అరుదు. తెలిసినదానిని ఏండ్ల తరబడి విడువక ఆచరించువారును అరుదే. ఈ రెంటి నడుమనున్న ఎడమును దాటుటకు మనుష్యుడు తన మనోబలమునే నమ్ముకొనవలెనా, లేక అతనికి ఊతముగా నిలువగలది మరేదైన నున్నదా యను ప్రశ్నకు, బెజవాడ పట్టణమును, దాని దిగువ సముద్రము వరకు పరచుకొన్న కృష్ణా డెల్టాయు తమ చరిత్రముచేత స్పష్టమైన సమాధానము చెప్పుచున్నవి.

కాలువలు రాకమునుపు ఈ సీమ వానను నమ్ముకొని బ్రతికినది. పల్లపు నేలలలో వరియు, మెట్టలలో జొన్న, సజ్జ, కొర్ర, వరిగెలును పండెడివి. సామాన్యుల కడుపు నింపినవి జొన్నకూడును అంబలియును. నందన నామ సంవత్సరమున, అనగా 1832-33లో, సంభవించిన ఘోరక్షామము గుంటూరు మండలమున ఊళ్ళకు ఊళ్ళను పాడుపెట్టినది. తరువాత ఆర్థర్ కాటన్ ప్రోత్సాహమునను, కెప్టెన్ చార్లెస్ ఓర్ పర్యవేక్షణమునను ఇంద్రకీలాద్రికిని సీతానగరపు కొండకును నడుమ 1852లో ఆరంభమైన ఆనకట్ట 1855 నాటికి పూర్తియై, నీరు కాలువల వెంట పొలములకు పారగా, వరి ఈ నేలకు ఏలిక యైనది. ఆకలి తీరినది, అది చిన్న మేలు కాదు. కాని కలిగినవారి విస్తరిలోని తెల్లని అన్నము గౌరవమునకు గుర్తుగా, జొన్నకూడు పేదరికమునకు గుర్తుగా ఎంచబడజొచ్చెను. పిమ్మట ఊరూర మరలు వెలసి, రోకటిపోటుతో పనిలేకయే బియ్యము మల్లెపూవువలె తెల్లబడుటతో, తవుడు పశువులకును, సారము తొలగిన మెతుకు మనుష్యులకును దక్కినవి.

బియ్యమును తెలుపు చేయుటవలని ఈ నష్టము ఊహామాత్రము కాదు; మరలు రాకమునుపే అది ఈ తీరమున కానవచ్చినది. ఉత్తర సర్కారుల సముద్రతీరము బెరిబెరి వ్యాధికి పేరుపడిన చోటు. మద్రాసు సైన్యమందలి వైద్యుడు మాల్కంసన్ 1835లోనే ఆ వ్యాధిని గూర్చి ఒక గ్రంథము ప్రకటించెను. కాళ్ళు తిమ్మిరెక్కి, దేహము వాచి, గుండె చెడి మనుష్యులను కూల్చు ఆ రోగమునకును బియ్యపు పైపొరయందలి ఒక ద్రవ్యము తొలగుటకును సంబంధమున్నదని తేలుటకు జావాద్వీపమున ఐక్మన్ చేసిన పరిశోధనల వరకు, అనగా ఆ శతాబ్దము చివరి వరకు, లోకము వేచియుండవలసి వచ్చినది. వడ్లను ఉడికించి ఎండబెట్టి దంచిన ఉప్పుడు బియ్యమున ఆ ద్రవ్యము కొంత నిలుచును. పచ్చిబియ్యమును బాగుగా తెలుపు చేసి తిను అలవాటుగల మన తీరమునకు ఆ రక్షణయు లేకపోయెను.

అట్లని ఈ ప్రాంతమువారికి ఆహారనియమము తెలియదనుట అన్యాయము. మన పెద్దలు నియమమును పంచాంగమున నాటిరి. ఏకాదశినాడు ఉపవాసము, శనివారము ఒక్కపొద్దు, కార్తిక సోమవారము నక్షత్రదర్శనము వరకు నిరాహారము, బాలింతకు పథ్యము, జ్వరపీడితునకు లంఖణము: ఇవి యన్నియు ఎవరో ఒకరు ఒకనాటి యుదయమున ఉత్సాహము పుట్టి తలపెట్టిన కార్యములు కావు. చాతుర్మాస్యమును పాటించు ఇండ్లలో శ్రావణమున శాకములను, భాద్రపదమున పెరుగును, ఆశ్వయుజమున పాలను, కార్తికమున పప్పుదినుసులను వర్జించెడివారు. ఒకేసారి అన్నిటిని జీవితాంతము విడువుమని ఆ విధి ఎవరిని నిర్బంధింపలేదు. ఒక్క నెలకు ఒక్క వస్తువును విడువుమన్నది. ఏకాదశి ఉపవాసమునకు ద్వాదశి పారణ విధింపబడినది. నియమముతోపాటే దాని ముగింపును, మరల వచ్చు దాని వంతును నిర్ణయింపబడియుండుటచేత, దుర్బలుడు సైతము గడువును చూచుకొని ఓర్చుకొనగలిగెను. ఇంటిల్లిపాది ఆ దినమున పొయ్యి వెలిగింపనిచో, నోరూరించు వాసనయే వంటయింట లేనిచో, ఆశతో పోరాడవలసిన అవసరము సగమునకు సగము తగ్గును. ఆ మీదట కార్తికమున ఉసిరిచెట్టు నీడను వనభోజనము వచ్చెడిది. నియమము విందును శత్రువుగా నెంచక, దానికి తగిన కాలము నిర్ణయించినది.

20వ శతాబ్దమున ఈ నియమమునకు నూతన రూపము నీయ యత్నించినవారు గాంధేయులు. 1921లో అఖిల భారత కాంగ్రెసు సంఘము సమావేశమైన బెజవాడ అప్పటికే జాతీయోద్యమమునకు పట్టుగొమ్మ. 1934లో అఖిల భారత గ్రామోద్యోగ సంఘము ఏర్పడి, మహాత్ముడు మరబియ్యమును మాని దంపుడు బియ్యము తినుడని ప్రబోధింపగా, ఈ డెల్టాయందలి ఖద్దరుధారులు పలువురు ఆ ఉపదేశమును శిరసావహించిరి. బోధ సత్యమైనది, దానికి వైద్యశాస్త్రము సాక్ష్యము పలికినది. అయినను అది జనసామాన్యమున నిలువకపోవుటకు కారణము గ్రహింపదగియున్నది. దంచవలసిన రోకలి స్త్రీల చేతులలో నుండెను, ఉపన్యసించువారు పురుషులు. తినువాని ఆరోగ్యమునకై మరియొకరి భుజములు అరుగవలసివచ్చిన నియమము ఎంత హితమైనదైనను చిరకాలము సాగదు. మర తమ శ్రమను తప్పించినందులకు సంతోషించిన యిల్లాండ్రను తప్పుపట్టుటకు ఎవ్వరికిని అధికారము లేదు.

ఇంతకు పూర్వమే మరియొక ధార బయలుదేరినది. లీప్‌జిగ్ నగరవాసియగు లూయీ కూనే రచించిన ప్రకృతిచికిత్సా గ్రంథమును వెంకటచలపతి శర్మ 1894లో తెలుగున అనువదించెను. భారతదేశమున ప్రకృతిచికిత్సోద్యమమునకు ఆ తెలుగు గ్రంథమే నాంది యని చెప్పుదురు. ఆ ధారయందలి ఒక పాయ నేడు బెజవాడ కెదురుగా, కృష్ణ కరకట్టపై ఉండవల్లి చెంత, మంతెన సత్యనారాయణరాజు నెలకొల్పిన ఆశ్రమమున ప్రవహించుచున్నది. అచ్చట ఉప్పును నూనెను వర్జించిన భోజనమును అనేకులు ఒకే సమయమున, ఒకే చోట భుజింతురు. దీనికి పూర్తిగా విరుద్ధముగా, వీరమాచనేని రామకృష్ణ ప్రచారము చేసిన విధానము కొవ్వుపదార్థములను మిక్కుటముగా తీసికొని అన్నమును విడువుమన్నది. దాని సభలకును జనము తండోపతండములుగా వచ్చిరి. ఈ రెంటి శాస్త్రీయత నిర్ణయింపవలసినవారు వైద్యులు. చరిత్రకారుడు గమనింపదగినది వేరొకటి: ఒకటి నూనెను నిషేధింపగా మరియొకటి విధించినను, రెంటియందును జనులను నియమమున నిలిపినది తోడివారి సాంగత్యమే.

ఇంద్రకీలాద్రిపై వెలసిన కనకదుర్గమ్మ సన్నిధిని భవానీదీక్ష వహించువారి యందు ఈ సత్యము మరింత స్పష్టముగా గోచరించును. ఎఱ్ఱని వస్త్రములు ధరించి, ఒకరినొకరు భవానీ యని సంబోధించుకొనుచు, మద్యమాంసములను విడిచి, నేలపై శయనించి మండలకాలము గడుపువారిలో, అంతకుముందు ఒక్కదినమైనను నాలుకను అదుపున నుంచలేనివారు ఎందరో కలరు. వస్త్రము చూచి మిత్రుడు మద్యపానమునకు పిలువడు. ఇల్లాలు వేరుగా శుచియైన వంట వండును. మార్గశిరమున దీక్షావిరమణ మున్నదని ముందే తెలియును. దీక్ష ముగిసిన మరునాడే పూర్వపు అలవాట్లకు మరలువారును ఉన్నారు. పాత సాంగత్యము మరల చుట్టుకొనుటయే అందులకు కారణము.

కావున నేడు మధుమేహమునకో స్థూలకాయమునకో వైద్యుడు చెప్పిన పథ్యమును ఆరంభించి, పది దినములలో విడిచి, తన మనోబలము చాలదని కుమిలిపోవు సోదరీసోదరులకు ఈ తీరపు చరిత్ర ధైర్యము చెప్పుచున్నది. వైద్యుని అనుమతితో, విడువవలసిన వానిని ఒక్కటొక్కటిగా విడువుడు. ప్రతిదానికి గడువు నిర్ణయించుకొని, గడువు తీరిన పిదప మరల వంతు ప్రారంభింపుడు. వంటయింటి భారమును పంచుకొని, ఇంటివారిని నియమమున భాగస్వాములను గావింపుడు. ఒక పక్షమున ఏకాదశి తప్పినవాడు వ్రతము నశించెనని విలపింపక తరువాతి పక్షమునకు సిద్ధపడినట్లు, తప్పిన దినమును అచ్చటనే విడిచి ముందునకు సాగుడు. మన పూర్వులు మనకంటె దృఢచిత్తులు కారు; దృఢచిత్తము లేనివానికి సైతము సాధ్యమగునట్లు నియమమును నిర్మించిన ప్రాజ్ఞులు. ఆ నిర్మాణజ్ఞానమే వారినుండి మనము స్వీకరింపవలసిన వారసత్వము.