నల్లపెన్నీ బిళ్ళ – ఫలకముల జాడ

తపాలాబిళ్ళల సేకరణ పిల్లల వేడుక యని మనలో చాలమంది తలంపు. కాని ఒక్క బిళ్ళపై ఏండ్లకొలది కన్ను నిలిపి దాని పుట్టుకను విప్పి చెప్పినవారు కలరు. 1840 మే 6వ తేదీనుండి ఇంగ్లండునందు చెల్లుబాటైన నల్లపెన్నీ బిళ్ళ అట్టి పరిశ్రమకు పాత్రమైనది. ప్రపంచమున అంటించు తపాలాబిళ్ళలలో అదియే మొదటిది. దానిపై దేశము పేరు లేదు, సంవత్సరము లేదు. అది అచ్చయిన ఫలకపు సంఖ్యయు లేదు. ఆ సంఖ్య కాగితపు అంచున మాత్రమే యుండెడిది. బిళ్ళను వేఱుచేసినతోడనే ఆ గుర్తు పోయెడిది. 6 కోట్ల 88 లక్షలకు పైగా అచ్చయిన ఆ బిళ్ళలలో ఒకటి మన చేతికి వచ్చినచో, 11 ఫలకములలో అది దేనికి చెందినదో చెప్పుట యెట్లు?

ముందుగా దానిని చేసిన తీరు తెలియవలెను. 1837లో విక్టోరియా రాణి లండను నగరమును దర్శించిన సందర్భమునకై విలియం వైయన్ చేసిన పతకము బిళ్ళపైని ముఖమునకు ఆధారము. దానిని చూచి హెన్రీ కార్బోల్డ్ బొమ్మ గీసెను. చార్లెస్ హీత్, ఆయన కుమారుడు ఫ్రెడరిక్ ఆ బొమ్మను ఉక్కుదిమ్మపై చెక్కిరి. పెర్కిన్స్, బేకన్, పెచ్ సంస్థవారు ఆ దిమ్మను గట్టిపఱచి, మెత్తని ఉక్కురోలరుపై దాని అచ్చు తీసి, రోలరును కూడ గట్టిపఱచి ఫలకముపై 240 మాఱులు ఒత్తిరి. వరుసకు 12 చొప్పున 20 వరుసలు. వరుస వెల ఒక షిల్లింగు, కాగితమంతయు ఒక పౌను.

ఇంతవఱకు రోలరు పని. బిళ్ళకును బిళ్ళకును భేదము లేదు. భేదము తెచ్చినది మనుష్యుని చేయి. దిమ్మయందు క్రింది రెండు మూలలు ఖాళీగా విడువబడినవి. ఫలకము సిద్ధమైన పిదప పనివాడు ఒక్కొక్క మూలగడిలో అక్షరము గల ఉక్కుముక్కను నిలిపి సుత్తితో కొట్టెను. ఎడమ అక్షరము వరుసను, కుడి అక్షరము ఆ వరుసలోని స్థానమును తెలుపును. 'జె–బి' యని యున్నచో పదవ వరుసలో రెండవ బిళ్ళ. దొంగముద్రలను అరికట్టుటకు పన్నిన యుపాయమిది. ఒక్క ఫలకమునకు 480 దెబ్బలు! అన్నియు ఒకే తీరున పడునా? ఒకచోట అక్షరము గడి అంచున కంటును, ఒకచోట క్రిందికి జాఱును, ఒకచోట ప్రక్కకు వాలును. తప్పిన దెబ్బను సరిచేయబోగా జంట అక్షరము నిలిచిన చోట్లు కలవు. తరువాతి ఎఱ్ఱపెన్నీ ఫలకములలో 77వ దానియందు రెండవ వరుస మొదటి బిళ్ళకు కుడి అక్షరము కొట్టుటయే మఱచిరి.

ఆ లోపములే నేడు సాక్షులు. జె–బి స్థానము అన్ని ఫలకములందును కలదు. కాని ఆ రెండక్షరముల నిలుకడ ఫలక ఫలకమునకు మాఱును. పరీక్షించువాడు మొదట అక్షరములు గడి అంచులకు ఎంత దూరమున నున్నవో చూచును. పిదప కొలతకై గీసి చెఱిపివేయక విడిచిన సన్నని గీతలు, మరల చెక్కిన అంచురేఖలు, రోలరును రెండవమాఱు ఒత్తగా ఏర్పడిన జమిలిరేఖలు వెదకును. చార్లెస్ నిస్సెన్ 1922లో ప్రకటించిన గ్రంథము ఈ పనికి పునాది. 1949లో లిచ్‌ఫీల్డ్ గ్రంథము దానికి తోడైనది.

మొదటి ఫలకమును గట్టిపఱపక వాడుటచే అది త్వరలో అరిగిపోయెను. బాగుచేసి మరల వాడిరి. కావున సేకర్తలు దానిని 1-ఎ, 1-బి యని రెండుగా లెక్కింతురు. 11వది ఎఱ్ఱబిళ్ళకై చేసినది. నల్లసిరాతో దాదాపు 700 కాగితములు మాత్రమే దానినుండి అచ్చయినవి. అందుచే వెల హెచ్చు. వెల హెచ్చినచోట కన్ను ఆశవెంట పోవును. ప్రతి బిళ్ళయు 11వ ఫలకముదిగానే తోచును! ఇట్టిచోట పుస్తకమును నమ్మవలెనే గాని అమ్మువానిని కాదు.

నల్లబిళ్ళపై వేసిన ఎఱ్ఱసిరా ముద్రను తుడిచి బిళ్ళను మరల వాడవచ్చునని తేలగా, 1841 ఫిబ్రవరిలో ఎఱ్ఱపెన్నీ వచ్చెను, ముద్ర నల్లనిదాయెను. కొన్ని ఫలకములు రెండు రంగులకును పనికివచ్చెను. ఒకే ఫలకమున ఒకే స్థానమునుండి వచ్చిన నల్ల, ఎఱ్ఱ బిళ్ళలను ప్రక్కప్రక్కన నుంచి, ఒకే సుత్తిదెబ్బను రెండింటను చూచుటకు మించిన వేడుక సేకర్తకు లేదని నా యభిప్రాయము.

ఇంకొక సాక్షి ఉత్తరము. దానిపైని తేదీనిబట్టి ఆ ఫలకము ఎప్పటికి వాడుకలోనికి వచ్చెనో తెలియును. బిళ్ళను ఊడదీసినచో ఆ సాక్ష్యము నశించును. చిన్ననాడు నేనును, స్వగ్రామమునుండి మా తాతగారికి వచ్చిన కవర్లను నీట నానబెట్టి, బిళ్ళలు తీసికొని కవర్లు పాఱవైచితిని. బిళ్ళలు ఇప్పటికిని నాయొద్ద నున్నవి. అవి ఎక్కడనైన దొరకునట్టివి. మా యూరి తపాలాముద్ర, తేదీ, తాతగారికి వ్రాసిన బంధువుల చేవ్రాత ఆ కవర్లతోనే పోయినవి. ఇప్పుడు మా యింట పాతయుత్తరముల పెట్టె తెఱచినపుడు పిల్లల చేతికి కత్తెర నిచ్చుట లేదు.